పద్నాలుగో పేరా: ఒక కస్టడీ కేసు ఎలా తేలింది

పిల్లల కోసం తండ్రి వేసిన పిటిషన్‌కు మేం కోర్టులో ఇచ్చిన రాతపూర్వక జవాబే కౌంటరు. అందులో పద్నాలుగో పేరా రెండు వాక్యాలే. ‘పిటిషనర్ తన కూతురి పట్ల అసభ్యంగా ప్రవర్తించేవాడు. ఈ విషయం పాపే స్వయంగా తల్లికి చెప్పుకుంది.’ మర్నాడు వాయిదా. రాత్రి పదకొండు దాటాక నా ఆఫీసులోనే అది టైపయింది. జూనియర్ రాసుకున్న నోట్సులోని ముక్క. నేను చదివాను. ‘అసభ్యంగా’ అంటే ఏం చేశాడని అడగలేదు. ఉంటే మనకు బలమే కదా అనుకుని సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆ రెండు వాక్యాలకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

నేను తల్లి తరఫు న్యాయవాదిని. గోదావరి జిల్లాల్లో ప్రాక్టీసు. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, ఉద్యోగాలు, మరికొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

2023 వేసవి సెలవులకు ఆమె ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి పుట్టింటికి వచ్చి, ఇక తిరిగి వెళ్లలేదు. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. జూన్‌లో ఇద్దరినీ ఇక్కడి బడిలో చేర్పించింది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వేసి, 21వ సెక్షన్ ప్రకారం పిల్లల తాత్కాలిక కస్టడీ ఉత్తర్వు తెచ్చుకుంది. జూలైలో భర్త 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షన్ కింద పిల్లలను తనకు అప్పగించాలని మా ఊరి ఫ్యామిలీ కోర్టులోనే పిటిషన్ వేశాడు. హైదరాబాద్‌లో వేసి ఉంటే పిల్లలు మామూలుగా ఉండే చోటు ఏది, కేసు ఏ ఊరి కోర్టుది అన్న పేచీ మీదే ఆరు నెలలు గడిచిపోయేవి. ఇక్కడే వేయడం అతని లాయరు చేసిన తెలివైన పని.

అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచి జీతం, సొంత ఫ్లాటు, ఇంట్లో తల్లి ఉంది. భార్యకు డిగ్రీ ఉంది గానీ సంపాదన లేదు. పిటిషన్ నిండా ఈ లెక్కలే. ఇలాంటి లెక్కలు చూసి భయపడే తల్లులు నా దగ్గరకు చాలామంది వస్తారు. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణంగా పిల్లలను తల్లి నుంచి తీసేయరని, ఆ లోటు తీర్చడానికే మనోవర్తి ఉందని చెప్పడంతోనే మొదటి అరగంట పోతుంది.

మొదటి వాయిదాలో జడ్జి గారు కౌంటరు తిరగేస్తూ పద్నాలుగో పేరా దగ్గర ఆగారు. ‘ఇది నిజమైతే పోలీసులకు చెప్పారా?’ అని అడిగారు. చెప్పలేదు. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనన్న భయం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. ‘పోలీసులకు చెప్పేంత విషయం కాకపోతే ఇక్కడ ఎందుకు రాశారమ్మా?’ అన్నారు ఆవిడ. రెండో ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు. వారం గడువు అడిగి బయటకు వచ్చాను.

ఆ సాయంత్రం ఆమెను ఆఫీసుకు రమ్మన్నాను. జూనియర్‌ను బయటకు పంపించాను. ‘అమ్మా, పాప ఏ మాట అన్నదో ఆ మాటే చెప్పండి. మీకు ఏమనిపించిందో తర్వాత చెబుదురుగాని’ అన్నాను.

చాలాసేపు చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుంది. ‘నాన్న బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి తలుపు వేస్తాడు, నాకు భయం అంది మేడమ్.’

‘ఇంకా?’

‘అంతే మేడమ్. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.’

ఇదీ అసలు సంగతి. భయపడిన బిడ్డ ఒక వాక్యం చెప్పింది. భయపడిన తల్లి దాన్ని పూర్తిగా వినలేకపోయింది. మేం దానికి ‘అసభ్యం’ అన్న పేరు పెట్టి కోర్టుకు ఇచ్చాం. ఆ వాక్యానికి ఘోరమైన అర్థం ఉండవచ్చు. వేరే అర్థమూ ఉండవచ్చు. తేల్చాల్సింది నేను కాదు, తల్లి అంతకన్నా కాదు. పాపను ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ ప్రశ్నలు వేయవద్దని గట్టిగా చెప్పాను. ఇంటివాళ్లు పదిసార్లు అడిగిన తర్వాత పదకొండోసారి బిడ్డ చెప్పే జవాబులో ఎవరి మాట ఎంతో ఎవరూ చెప్పలేరు. మర్నాడు ఆమె పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఆ ఒక్క వాక్యాన్నే, తేదీతో సహా ఇచ్చింది. కోర్టులోనూ అదే వాక్యంతో అదనపు అఫిడవిట్ వేశాను. పద్నాలుగో పేరాను వెనక్కు తీసుకోలేదు. తీసుకుంటే బిడ్డ చెప్పింది కూడా అబద్ధమైపోతుంది.

ఎఫ్ఐఆర్ నమోదైంది. తండ్రి ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు. మహిళా ఎస్ఐ యూనిఫాం లేకుండా తాతగారి ఇంటికే వచ్చి, వరండాలో పాప పక్కన కూర్చుని వాంగ్మూలం తీసుకుంది. పోక్సో 24వ సెక్షన్ అలాగే చేయమంటుంది. తర్వాత మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం, లేడీ డాక్టరు పరీక్ష. నాలుగు నెలలకు పోలీసులు తుది నివేదిక వేశారు. పోక్సో కింద నేరమేదీ కనిపించలేదని దాని సారాంశం.

అవతలి పక్షం పండగ చేసుకుంది. తప్పుడు ఫిర్యాదుకు పోక్సో 22వ సెక్షన్ కింద ఆర్నెల్ల జైలు ఉందని వాళ్ల లాయరు కారిడార్‌లో నాకు వినబడేలా అన్నాడు. అవమానించాలనో బెదిరించాలనో కావాలని పెట్టిన అబద్ధపు ఫిర్యాదుకే ఆ సెక్షన్ వర్తిస్తుంది. బిడ్డ అన్న మాటను కలపకుండా, తీయకుండా అప్పగించిన తల్లికి వర్తించదు. నివేదిక మీద అభ్యంతర పిటిషన్ వేద్దామా అని ఆమె అడిగింది. వద్దన్నాను. అప్పటికి పాప వాంగ్మూలం నకలు నా చేతికి వచ్చింది.

అందులో పాప చెప్పింది ఇది: డైరీలో ఎర్ర సిరా కనిపిస్తే నాన్న చార్జరు వైరు తీస్తాడు. నానమ్మకు వినబడకూడదని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి తలుపు వేస్తాడు. కుళాయి తిప్పుతాడు. అప్పుడు కొడతాడు.

ఆ పేజీ చదివాక కాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఈ కేసులో మా చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఆ మూసిన తలుపు వెనకే ఉంది. నేను దాని మీద వేరే పేరు అంటించి, నాలుగు నెలలు పోలీసులను వేరే వాకిట్లో వెతికించాను.

ఇక్కడ ఒక మాట. ఒకే ఇంట్లో జరిగిన సంగతులు మూడు చోట్ల మూడు రకాలుగా తూగుతాయి. క్రిమినల్ కోర్టుకు సహేతుకమైన సందేహం మిగలకుండా రుజువు కావాలి. గృహహింస కేసులో మేజిస్ట్రేట్‌కు ముందు రక్షణ ముఖ్యం. పిల్లలను కలవడం వల్ల వాళ్లకు హాని జరగవచ్చనిపిస్తే ఆ అనుమతి నిరాకరించాలని గృహహింస చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. ఫ్యామిలీ కోర్టు చూసేది బిడ్డ సంక్షేమం. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ అదే అన్నిటికన్నా పైమాట అంటుంది. క్రిమినల్ కేసు కొట్టేశారు కాబట్టి బిడ్డను ఇచ్చేయాలని గానీ, కేసు నడుస్తోంది కాబట్టి తేలేదాకా ఆగాలని గానీ ఎక్కడా లేదు. తల్లి మరణానికి సంబంధించి తండ్రి మీద కేసు నడుస్తున్న ఒక వివాదంలో, ఆ ఆరోపణను కింది కోర్టులు పట్టించుకోకుండా బిడ్డను అతనికి అప్పగించడం తప్పని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. సంరక్షకుడి నడవడిని తూచేటప్పుడు అది తక్కెడలో పడాల్సిందే.

ఈ నాలుగు నెలలూ తండ్రి పిల్లలను చూడలేదని కాదు. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో, కౌన్సెలర్ సమక్షంలో చూడవచ్చని జడ్జి గారు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. నేను పూర్తిగా వద్దన్నాను, అతను వారాంతం రాత్రులు కూడా కావాలన్నాడు. ఇద్దరికీ దక్కలేదు. కింది కోర్టులపై హైకోర్టుకు పర్యవేక్షణాధికారం ఇచ్చే రాజ్యాంగం 227 అధికరణం కింద అతను హైకోర్టుకు వెళ్లాడు, అక్కడా దక్కలేదు. నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో తుది తీర్పు కన్నా మొదటి మధ్యంతర ఉత్తర్వుకే బరువు ఎక్కువ. ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో పిల్లలు దాని ప్రకారమే బతుకుతారు. చివరికి ఏ జడ్జి అయినా అలవాటుపడిన ఏర్పాటును కదిలించడానికి వెనకాడతారు. అందుకే మొదటి నెల వాదనలకు జూనియర్లను పంపను.

మొదటి శనివారం నేను కారిడార్‌లోనే ఉన్నాను. బాబు తండ్రిని చూడగానే పరుగెత్తుకెళ్లి కాళ్లు చుట్టేసుకున్నాడు. పాప కుర్చీలో కూర్చుంది. వీపు మీది సంచి తీయలేదు. రెండు గంటలూ తీయలేదు. తండ్రి ఆమెకు రంగు పెన్సిళ్ల డబ్బా తెచ్చాడు. థాంక్యూ అంది, మూత తెరవలేదు. నాలుగు కాగానే అతను బయటకు వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. నటన కాదని నాకు తెలుస్తూనే ఉంది. పిల్లలను కొట్టే తండ్రికి పిల్లల మీద ప్రేమ ఉండదనుకునేవాళ్లు ఫ్యామిలీ కోర్టులో నెల రోజులు కూర్చుంటే ఆ అభిప్రాయం మార్చుకుంటారు.

కౌన్సెలర్ ఆ సంచి సంగతి తేదీలతో రాసింది. సంచి ఏడో వారం కిందికి దిగింది. మధ్యవర్తిత్వంలో దంపతులు అనుకున్న మాటలకు గోప్యత ఉంటుంది గానీ, కస్టడీ వివాదంలో బిడ్డ గురించి కౌన్సెలర్ ఇచ్చే నివేదికను కోర్టు చూడవచ్చని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అతని లాయరు అభ్యంతరం అందుకే నిలవలేదు.

ఇక సాక్ష్యాలు. వేరు కాపురం మొదలయ్యాక పుట్టిన కాగితాలను కోర్టు అనుమానంగా చూస్తుంది. చూడాలి కూడా. అందుకే వివాదం పుట్టకముందు, ఏ లాయరూ చెప్పకముందు పుట్టిన కాగితాల కోసం వెతికాను. మూడు దొరికాయి.

మొదటిది హైదరాబాద్ బడిలో రెండో తరగతి డైరీ. టీచరు ఎర్ర సిరాతో రాసిన చోట్ల పాప రబ్బరుతో చెరిపింది. సిరా రబ్బరుకు పోదు కదా, ఉమ్మి తడిచేసి మరీ చెరిపింది. ఎనిమిది చోట్ల కాగితం చిరిగి కన్నం పడింది. రెండు పేజీల్లో ఆ కన్నం కిందే తండ్రి సంతకం ఉంది. అంటే చిరిగిన పేజీ అతను చూశాడు. ఆ డైరీ మా వైపు నాలుగో సాక్ష్యంగా, ఆర్-4 అన్న గుర్తుతో కోర్టు రికార్డుకెక్కింది. క్లాసు టీచరు వీడియోలో సాక్ష్యం చెప్పింది. చెరపవద్దని పాపకు రెండుసార్లు చెప్పానని, ఎందుకు చెరుపుతోందో తాను అడగలేదని అంది. ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు తడబడింది.

రెండోది 2022 నాటి ఆసుపత్రి ఓపీ చీటీ. అది మొదట మాకు వ్యతిరేకంగానే కనిపించింది, ఎందుకంటే అందులో ‘బాత్‌రూమ్‌లో జారిపడింది’ అని ఉంది. అలా చెప్పింది తల్లే. ఆ చీటీ దాచేద్దామని ఆమె అన్నయ్య సలహా ఇచ్చాడు. కింది వరుస చదవమన్నాను. ఎడమ పిక్క వెనుక, పక్కపక్కనే సమానంగా రెండు కమిలిన చారలు అని డాక్టరు రాశాడు. జారిపడితే చారలు పడవు, అందునా జంటగా పడవు.

మూడోది భార్యకు అతను పంపిన పదకొండు సెకన్ల వాయిస్ మెసేజ్. ‘మళ్లీ మార్కులు తగ్గితే వైరు తీస్తాను, నువ్వు మధ్యలో రాకు.’ పిటిషన్ 2023లోనే పడింది కాబట్టి, 2024 జూలై 1న కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినా మాకు పాతదే వర్తించింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఆ పాత చట్టం అడిగే 65బి సర్టిఫికెట్‌తో దాఖలు చేశాం. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ సాక్ష్యం విషయంలో చాలా వెసులుబాటు ఇస్తుంది నిజమే. అయినా దాన్ని నమ్ముకుని సర్టిఫికెట్ మానేసిన వాళ్లు పై కోర్టులో ఇబ్బంది పడటం చూశాను.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతనికి నేను ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. పిల్లల చదువు ఎవరు చూసేవారు? తానే. డైరీ మీద సంతకం ఎవరిది? తనదే. పేజీ ఎందుకు చిరిగిందని పాపను అడిగారా? గుర్తు లేదు. కొట్టేవారా? ‘క్రమశిక్షణ కోసం ఒకటి రెండు దెబ్బలు. మా నాన్న నన్ను ఇంతకన్నా ఎక్కువే కొట్టారు, నేను బాగుపడ్డాను కదా.’ ఆ జవాబును జడ్జి గారు అక్షరం పొల్లుపోకుండా రికార్డు చేయించారు. బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవారే హింసిస్తే బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరమవుతుంది. ఆ దారిలో వెళ్లవచ్చని ఆమెకు చెప్పాను. వద్దంది. ‘ఆయన ఉద్యోగం పోతే పిల్లల ఫీజులు ఎవరు కడతారు మేడమ్?’ ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు.

2024 ఆఖరులో జడ్జి గారు పాపను చాంబర్‌కు పిలిచారు. సొంతంగా ఆలోచించి ఇష్టం చెప్పగల వయసుంటే ఆ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ శక్తి ఎంత ఉందన్నది జడ్జి మాట్లాడి తేల్చుకోవాల్సిందే. లాయర్లం, తల్లి, తండ్రి అందరం బయటే. ఇరవై నిమిషాలకు అటెండరు బయటకు వచ్చి ‘ఎవరి దగ్గరైనా స్కేలు ఉందా?’ అని అడిగాడు. బెంచ్ క్లర్కు తన బల్ల మీది చెక్క స్కేలు ఇచ్చింది. ఎందుకో మాకు అర్థం కాలేదు.

తీర్పు చదివాక అర్థమైంది. వైరు ఎంత పొడవుండేదని జడ్జి గారు అడిగితే పాప స్కేలు కావాలంది. ‘నాన్న రెండు మడతలు పెడతాడు. పెట్టాక ఇంత’ అని స్కేలు మీద చూపించింది. రెండు మడతలు, పిక్క మీద జంట చారలు. ఓపీ చీటీలో ఏముందో ఆ పిల్లకు తెలియదు. తల్లికీ ఆ చారల సంగతి వైద్యుడి రాత చదివి నేను చెప్పేదాకా పట్టలేదు. నేర్పిన మాట అయితే అలా అతకదు అని తీర్పులో జడ్జి గారు రాశారు. ఎవరి దగ్గర ఉంటావని మాత్రం ఆవిడ పాపను అసలు అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే అమ్మానాన్నల్లో ఒకరిని వదులుకునే బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టే.

వాదనల్లో అవతలి వారి ఆఖరి అస్త్రం, తల్లే పిల్లకు విషం నూరిపోసిందని. 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించారు. బిడ్డను ఒక తల్లో తండ్రో రెండోవారికి దూరం చేసే ప్రమాదం గురించి అందులో ఉంది. నేను 2024 మే నాటి తీర్పు చూపించాను. ఫలానా రోజు ఫలానా పని చేసి బిడ్డ మనసు విరిచారని ఒక్కో సంఘటనా గుర్తించకుండా ఎవరికీ ఆ ముద్ర తొందరపడి వేయకూడదని సుప్రీంకోర్టు అందులో హెచ్చరించింది. ఆ కేసులో నెగ్గింది తండ్రి. సూత్రం మాత్రం ఎవరికైనా అదే. మా కేసులో అవతలి వారు చూపగలిగిన సంఘటన ఒక్కటే, పద్నాలుగో పేరా. తల్లి విషం నూరిపోసి ఉంటే బాబు ప్రతి శనివారం తండ్రి మీదికి ఎందుకు దూకుతాడని అడిగాను. కౌన్సెలర్ నివేదికలు ఆ మాటకు ఆసరాగా నిలిచాయి.

2025 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఇద్దరు పిల్లల కస్టడీ తల్లికి. తండ్రి పిల్లల పెంపకంపై కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. మొదటి ఆరు నెలలు కలయిక కోర్టు గదిలోనే, ఆ తర్వాత ఆదివారాలు పగటిపూట, తాతగారి ఊళ్లోనే. రాత్రి బస లేదు. బుధవారం సాయంత్రాలు వీడియో కాల్. చదువు గురించి బడి నుంచి సమాచారం నేరుగా తెలుసుకునే హక్కు అతనికి ఇచ్చారు గానీ, డైరీ మీద సంతకం తల్లిదే అని విడిగా ఒక వాక్యం రాశారు. అంత చిన్న వాక్యం తీర్పులోకి ఎక్కడం నేను మరెక్కడా చూడలేదు.

నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. ‘కౌంటరులో బిడ్డ మాటలు లేవు, వాటి మీద పెద్దలు వేసిన ముద్ర మాత్రమే ఉంది, అందువల్ల నాలుగు నెలల కాలం వృథా అయింది.’ పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా, కోర్టు హాల్లో అందరూ నావైపే చూశారు. ఇప్పుడు మా ఆఫీసులో పిల్లల కేసుల నోట్సు పుస్తకంలో పేజీకి మధ్యలో గీత ఉంటుంది. ఎడమవైపు బిడ్డ అన్న మాట, ఎవరితో, ఏ రోజు. కుడివైపు పెద్దలకు ఏమనిపించింది. కౌంటరులోకి ఎడమవైపుది మాత్రమే వెళ్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఎడమవైపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందని సణుగుతున్నాడు. చాలా కేసుల్లో నిజంగానే ఖాళీగా ఉంటోంది.

అతను అప్పీలు చేయలేదు. కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ శాశ్వతం కాదు, పరిస్థితులు మారితే మార్చమని మళ్లీ అడగవచ్చు. అడిగాడు. దసరా సెలవుల్లో నాలుగు రోజులు ఇద్దరినీ హైదరాబాద్ తీసుకెళ్తానని పిటిషన్ వేశాడు. కౌన్సెలింగ్ హాజరు పట్టీ జతచేశాడు, ఒక్క రోజు కూడా మానలేదు. బాబును పంపడానికి ఆమెకు అభ్యంతరం లేదు. పాప సంగతి కౌన్సెలర్ అడిగితే, వెళ్తాను గానీ నానమ్మ గదిలో పడుకుంటాను, బాత్‌రూమ్ తలుపుకు లోపల గడియ ఉందో లేదో ముందు చూసి చెప్పండి అందట. గడియ ఫొటో దాఖలు చేయమని జడ్జి గారు అతన్ని ఆదేశించారు. వచ్చే వాయిదా మంగళవారం.